రెండు కిటికీల్లో ఒకే మాట

మా మామ పోయిన సంగతి నాకు ఆయన ఫోన్ నుంచే తెలిసింది. పులివెందులలో మా ఇంటి వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఫోన్ మోగింది. తెర మీద "సిగ్నల్ మామ" అని పడింది. చేతులకు చింతపండు అంటుకుని ఉంటే మోచేత్తో నొక్కి, "చెప్పు మామా, ఓవర్" అన్నాను. అవతల మా అత్త గొంతు. "మీ మామ పాయ పాపా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అంది. ఆ తర్వాత ఆమె అలవాటు కొద్దీ "ఓవర్" అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

మా ఇళ్ళలో ఫోన్ మాట్లాడే పద్ధతి మీకు కొంచెం చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు, అంటే నాకు మేనమామ, మిలిటరీలో సిగ్నల్స్ పనిచేసి సుబేదారుగా ఇంటికొచ్చాడు. వచ్చినవాడు తన పెట్టెతో పాటు ఒక చట్టం కూడా తెచ్చాడు. మాట అయిపోతే "ఓవర్" అనాలి. అనకపోతే ఆయన జవాబివ్వడు. అవతల ఊపిరి వినపడుతూనే ఉంటుంది, మనిషి మాత్రం పలకడు. మా చెల్లెలు ఒకసారి పురిటి నొప్పుల్లో ఫోన్ చేసి, "మామా, జీపు కావాల, తొందరగా" అని ఆగిపోతే, ఈయన ఓపిగ్గా కాచుకుని కూర్చున్నాడట. చివరికి మా అత్త ఫోన్ లాక్కుని, "ఓవర్ నేను చెప్తాండా, జీపు పంపు మనిషీ" అని అరిచాకే జీపు కదిలింది.

"ఓవర్ అంటే ఇంగ నీ వంతు అని. ఔట్ అంటే ఇంగ చాలు అని. సొంతోళ్ళకు ఔట్ చెప్పగూడదు మ్మే" అనేవాడు. ప్రొద్దుటూరు చర్చిలో ప్రార్థన చేయమంటే కూడా అంతే. చక్కగా అందరి కోసం వేడుకుని, చివర "ఆమేన్, ఓవర్" అని కళ్ళు తెరిచేవాడు. పాస్టరుగారు మొదట్లో మందలించాడు. "మనం చెప్పేది చెప్పి లేచిపోతాండాం గదయ్యా, దేవునికి గూడా వంతు ఇయ్యల్ల గదా" అన్నాడు మామ.

మామ జమ్మలమడుగులో మిషను బడిలో చదువుకున్నాడు. తాతల కాలంలోనే చర్చిలో కలిసిన కుటుంబం మాది. ఆడవాళ్ళు టీచర్లు, మగవాళ్ళు సర్వీసు, మిగిలినవాళ్ళు సేద్యం. బడిలో ఆయన చదివిన చదువు కన్నా హెడ్మాస్టరుగారి రేడియో విప్పి బిగించినవే ఎక్కువ. బిగించాక ఎప్పుడూ ఒక స్క్రూ మిగిలేది. ఆ మిగిలిన స్క్రూలన్నీ దాచుకున్న డబ్బా ఆయన అంగట్లో చివరిదాకా ఉంది.

మిలిటరీలో ఆయన చేసిన ఉద్యోగం పేరు ఎలక్ట్రానిక్ యుద్ధం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ, "టీవీలతో కొట్టుకుంటారారా?" అని అడిగింది. చెవులకు గొట్టాలు తగిలించుకుని శత్రువు రేడియోలో ఏం మాట్లాడుతున్నాడో వినడం, ఆ మాట ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టడం, అవసరమైతే గాలిలో గోల పుట్టించి వాడి మాట వాడికే వినపడకుండా చేయడం. ఇదీ పని. తుపాకీ పట్టకుండా ఇన్నేళ్ళు యుద్ధం చేశానని గొప్పగా చెప్పుకునేవాడు. మా అత్త మాత్రం, ఇంట్లో ఆమె పిలిస్తే వినపడని మనిషికి శత్రువు మాట ఎట్ల వినపడిందో తనకు అర్థం కాలేదనేది.

ఆయన సర్వీసు చివరి రోజుల్లో పక్క గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ గదికి వేరే అధికారి, వేరే తాళం, వేరే టీ. అవతలివాళ్ళ కంప్యూటర్లలోకి చప్పుడు కాకుండా దూరి కూర్చోవడం వాళ్ళ పని. ఆ తర్వాత దానికి సైబర్ అని పేరొచ్చింది. రెండు గదులకూ మధ్య ఒకటే గోడ. కానీ ఇటువాళ్ళు అటు పోకూడదు, అటువాళ్ళు ఇటు చూడకూడదు.

"నాకు అది చూస్తే మన ఊరే మతికొచ్చె పాపా" అనేవాడు మామ. "తూరుపు వీధి, పడమటి వీధి. బావి ఒకటే, చేంతాళ్ళు రెండు."

ఒకసారి ఉత్తుత్తి యుద్ధం పెట్టుకున్నారట, అభ్యాసం కోసం. సైన్యంలోనే ఒక జట్టు శత్రువు వేషం వేసింది. కంప్యూటర్ గదివాళ్ళు వారాల తరబడి తంటాలు పడి, శత్రువు వాడే ఒక రేడియో దారి పట్టుకుని వాళ్ళ కంప్యూటర్లలోకి దూరారు. లోపల కూర్చుని అన్నీ రాసుకుంటున్నారు. ఈ సంగతి మామ గదికి తెలియదు. తెలపకూడదని రూలు. మామకు పైనుంచి ఆర్డరొచ్చింది, ఫలానా రేడియో దారిని మూసెయ్యి అని. మామ ఆర్డరు ప్రకారం గాలిలో గోల పెట్టాడు. శత్రువు నోరూ మూతపడింది, పక్క గదివాళ్ళ దారీ మూతపడింది.

"మన మనిషే లోపలుండాడు. మనమే బయట గడియ పెడ్తిమి. పక్క గది నుంచి ఒక మేజరు మూతి ఇంత చేసుకుని వచ్చినాడు. మా అధికారి, ఆ అధికారి, ఇద్దరూ నన్నే చూసిరి" అని చెప్పి, తన తొడ తనే చరుచుకుని నవ్వేవాడు.

ఆ రోజు నుంచీ ఆయనకు అదే పట్టుకుంది. ఈ రెండూ వేరు వేరు పనులు కావని వాదన. మా ఇంటికొచ్చిన వాళ్ళకు, బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళకు, గొర్రెలు తోలుకుపోతూ నీళ్ళడిగిన వాళ్ళకు కూడా చెప్పేవాడు. "ఇంటి ముందర నిలబడి డప్పు కొడ్తే లోపలోళ్ళ మాట లోపలోళ్ళకు వినపడదు. అది నా పని. గమ్మున ఇంట్లోకి దూరి ఉప్పు డబ్బాలో చక్కెర పోసొస్తే వాండ్ల కూర వాండ్లే చెడగొట్టుకుంటారు. అది పక్క గది పని. సరే. ఇప్పుడు రేడియో పొట్టలోనే కంప్యూటర్ ఉండాది. నేను గాలిలో పంపిన డప్పు చప్పుడే కిటికీలో దూరిపోయి ఉప్పు డబ్బాలో చక్కెర పోసొచ్చిందనుకో. అది నా పనా, వాండ్ల పనా?"

గొర్రెలాయన నీళ్ళ చెంబు కింద పెట్టి, "అంగడి చక్కెరేనా స్వామీ, రేషన్ చక్కెరా?" అన్నాడు.

ఈ ప్రశ్ననే ఇంగ్లీషులో రాసి పైఅధికారికి ఇచ్చాడట. రెండు గదుల మధ్య గోడ కొట్టెయ్యాలి, కనీసం ఒక కిటికీ అయినా పెట్టాలి అని. ఆ కాగితం తిరిగి వచ్చింది. దాని మీద, గోడలకు సంబంధించిన విన్నపాలు ఇంజనీర్ల విభాగానికి పంపవలెను అని రాసి ఉందట. మామ ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి అంగట్లో పెట్టుకున్నాడు. ముసలితనంలో పేపర్లో ఎక్కడో ఒక దేశంవాళ్ళు ఈ రెండు పనులూ ఒకే జట్టుకు అప్పజెప్పారని చదివిన రోజు మా బంధువులందరికీ ఫోన్ చేశాడు. "గోడ కొట్టేసినారు! ఓవర్!" అని. సగం మంది ఇంటి స్థలం తగాదా ఏమోనని భయపడ్డారు.

ఇంతవరకూ నవ్వులాటే. ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పనిది. మామ బతికి ఉండగా చెప్పకూడదని మాట తీసుకున్నాడు.

రిటైరయ్యాక ఆయన ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి పెట్టాడు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు రాజుపాలెం వైపు ఒక పల్లె. పేరు చెప్పను. పేరు చెప్పకపోయినా ఆ వైపు వాళ్ళకు తెలిసిపోతుంది. ఆ ఊళ్ళో తూరుపు వీధికి ఒక పెద్దాయన, పడమటి వీధికి ఒక పెద్దాయన. ఇద్దరి మధ్య తండ్రుల నాటి పగ. పార్టీలు మారేవాళ్ళు గానీ ఎదురెదురుగా ఉండడం మారలేదు. తూర్పాయన ఒక పార్టీలో చేరాడని తెలిస్తే పడమటాయన ఆ సాయంత్రానికి అందులోంచి బయటికొచ్చేవాడు. వీధికొక మంగలి, వీధికొక టీ బంకు. ఇటువాళ్ళు తిన్న చోట అటువాళ్ళు తినరు.

రెండు వీధులకూ ఒక్కడే ఉన్నది మా మామ. చర్చి వాళ్ళం కాబట్టి మేము ఏ వీధికీ చెందం. పైగా సెట్లు బాగుచేసేవాడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఇరవై ఏళ్ళ పైమాట, పంచాయతీ ఎన్నికలొచ్చాయి. బ్యాలెట్ పెట్టెల ఎన్నిక. అంతకు ముందు ఎన్నికలో ఆ ఊళ్ళో పెట్టెను బావిలో వేశారు, ఇద్దరు మనుషులు చచ్చిపోయారు, పోలింగ్ డ్యూటీకి పోయిన ఒక టీచరుకు చెయ్యి విరిగింది. ఈసారి ఆ ఊరికి డ్యూటీ ఎవరికి పడింది? నాకు. టీచరమ్మను, పైగా చిన్న పిల్లల తల్లిని. మార్చమని అర్జీ పెట్టుకున్నాను, మార్చలేదు. మామ అంగట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన టంకం పెడుతున్నవాడు తల ఎత్తకుండా, "పో. నేనుండా గదా" అన్నాడు. నువ్వుంటే ఏం చేస్తావు, రేడియో పెడతావా అని కసురుకుని వచ్చేశాను.

నాకు తెలియనిదేమంటే, అదే వారం రెండు వీధులవాళ్ళూ బెంగుళూరు పోయి వాకీటాకీలు కొనుక్కొచ్చారు. అవి కొత్త రకం. ఏ సెట్టు ఏ చానెల్లో మాట్లాడాలో కంప్యూటర్‌కు తీగ తగిలించి దాని పొట్టలో రాయాలి. ఆ తీగ మామ దగ్గరే ఉంది. మొదట తూరుపు వీధివాళ్ళు గోనెసంచిలో వేసుకుని ముందు వాకిలి నుంచి వచ్చారు. మర్నాడు పడమటి వీధివాళ్ళు అరటిపండ్ల బుట్టలో పెట్టుకుని వెనక వాకిలి నుంచి వచ్చారు. మేమొచ్చిన అంగడికి వాండ్లెందుకొస్తారని వీళ్ళ ధీమా. వాళ్ళ ధీమా కూడా అదే.

ఇద్దరిదీ ఒకటే కోరిక. పోలింగ్ రోజు అవతలివాళ్ళ సెట్లు మూగబోవాలి.

మామ ఆలోచించాడు. ఆయన నాకు తర్వాత చెప్పిన మాట ఇది: "మూగ చేయడం నాకు ఎడమ చేతి పని. కానీ నా సర్వీసులో చూసినా గదా పాపా. మాట వినపడకుంటే మనిషికి బయమైతాది. మనోళ్ళను చంపేసినారేమో అనుకుంటాడు. బయమైనోడే మొదట బాంబు ఏసేది. ఆ మధ్యలో నువ్వుండావు."

అందుకని ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పాడు. "అప్పా, వాండ్ల నోరు మూస్తే వాండ్లు ఏం చేస్తాండారో నీకెట్ల తెలుస్తాది? దానికన్నా వాండ్ల మాటలు నీకు వినపడేట్టు చేసినా. నీ మాటలు వాండ్లకు వినపడవు. పోలింగ్ మొదలయ్యేదాకా ఆన్ చేయొద్దు, బ్యాటరీ పోతాది." ఇద్దరూ మామ చేతులు పట్టుకుని సంతోషపడి వెళ్ళారు. మామ చేసిన పనల్లా తీగ తగిలించి, రెండు వీధుల సెట్ల పొట్టలోనూ ఒకే చానెల్ రాయడం.

పోలింగ్ రోజు. బూత్, నేను చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఉండి చదివిన బడి. తూర్పు వైపు ఒక కిటికీ, పడమటి వైపు ఒక కిటికీ. తూర్పు కిటికీ బయట తూరుపు వీధి మనిషి సెట్టు పట్టుకుని, పడమటి కిటికీ బయట పడమటి వీధి మనిషి సెట్టు పట్టుకుని. మధ్యలో పెట్టె, పెట్టె పక్కన నేను. నా వేళ్ళకు సిరా.

పోలింగ్ మొదలైన కాసేపటికి తూర్పు కిటికీలో ఒక గొంతు వినపడింది. "సున్నపు గూటి కాడికి నలుగురు పోండప్పా. ఓవర్." అదే మాట, అదే గొంతుతో పడమటి కిటికీలో కూడా వినపడింది. నేను అటూ ఇటూ చూశాను.

కాసేపటికి ఇంకో గొంతు, రెండు కిటికీల్లోనూ: "సున్నపు గూటి కాడికి నలుగురొస్తాండారంట. మనోళ్ళు ఎనిమిది మంది పోండి."

వెంటనే మొదటి గొంతు: "ఎనిమిది మందా? వద్దులే అయితే, ఎనక్కి రాండి."

"ఎనక్కి పోతాండారంట. మనోళ్ళు గూడా వచ్చేయండి, ఎండ శానా ఉండాది."

ఊరంతా ఎవరికి వారు చాటుగా వింటున్నామనుకుంటున్నారు. ఒకరు ఎటు కదిలినా అవతలివాళ్ళకు తెలిసిపోయేది. వాళ్ళకు తెలిసిందని వీళ్ళకు తెలిసిపోయేది. పదకొండయ్యేసరికి ఊళ్ళో ఒక్కడు కూడా కదల్లేని పరిస్థితి. ఇక మిగిలింది తిండి సంగతే. "సంగటి వచ్చినాదా? ఓవర్." "వచ్చినాది. ఊరిబిండి రాలేదు." "వాండ్లకు ఊరిబిండి రాలేదంట!" అని ఒకడి నవ్వు. మా ప్రిసైడింగ్ ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఆ ఉదయం నుంచి దేవుళ్ళందరినీ తలుచుకుంటూ ఉన్నాడు. ఊరిబిండి అంటే ఏం ఆయుధమమ్మా అని నన్ను అడిగాడు. పల్లీల పచ్చడి సార్ అన్నాను. ఆయన నమ్మలేదు.

అప్పుడు పేలింది.

బడి వెనక, కంపచెట్ల వైపు, పెద్ద చప్పుడు. క్యూలో ఉన్న ఆడవాళ్ళు నేల మీద కూర్చుండిపోయారు. పెట్టె మీద నా రెండు చేతులూ వేశాను, ఎందుకో తెలియదు. రెండు కిటికీల్లోనూ సెట్లు ఆగిపోయాయి. అంతసేపూ వాగినవి ఒక్క మాటా లేదు. నా పిల్లలు కళ్ళ ముందు కనపడ్డారు. బయట ఎవరో గోనెసంచి మూతి విప్పుతున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. మా వైపు నాటు బాంబులు తెచ్చేది గోనెసంచుల్లోనే.

అప్పుడు రెండు కిటికీల్లోనూ ఒక కొత్త గొంతు పలికింది. కొంచెం బొంగురు చేసుకున్న గొంతు. "టైరు. ట్రాక్టర్ టైరు పగిలె. ఓవర్."

ఆ "ఓవర్" విన్నాక నాకు ఊపిరొచ్చింది. ఆ మాటను అంత సాగదీసి, అంత మర్యాదగా అనే మనిషి కడప జిల్లాలో ఒక్కడే.

మొదట ఒక పెద్ద వయసు గొంతు, "అవునవును, టైరే" అంది. తర్వాత ఇంకో పెద్ద వయసు గొంతు, "టైరే, టైరే. ఎవరూ కదలాకండి" అంది. గోనెసంచి మూతి మళ్ళీ కట్టుకున్నారు. పోలింగ్ సాగింది. సాయంత్రం పెట్టె నా చేతుల్లోనే బస్సెక్కింది. ఎవరు గెలిచారో నేను అడగలేదు.

మామ ఆ రోజంతా ఊరి చివర చర్చిలో, మైకు సెట్టు బాగుచేస్తున్నట్టు నటిస్తూ, ఇంకో సెట్టు పెట్టుకుని కూర్చున్నాడని తర్వాత తెలిసింది. "నీకు టైరు కనపడిందా మామా?" అని అడిగాను. "యాడ కనపడతాది మ్మే? చర్చికి ఆ వైపు కిటికీనే లేదు. నా గుండె ఆగిపాయ. ఏదో ఒకటి చెప్పల్ల గదా!"

ఆ రోజు నేను బతికొచ్చాను. మామకు మాత్రం ఆ రోజు నుంచే భయం మొదలైంది. రెండు వీధుల్లో ఏ ఒక్కరికి తెలిసినా తన ప్రాణం ఉండదని ఆయన నమ్మకం. పని బల్లను వెనక వాకిలి పక్కకు జరుపుకున్నాడు. ఎదురుగా సందు కనపడేలా అద్దం తగిలించుకున్నాడు. బల్ల కింద ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, బైబిలు, టార్చి, సంచి ఎందుకో తెలియకుండానే మా అత్త పెట్టిన మామిడికాయ తొక్కు సీసా, బళ్ళారి పోయే బస్సు టైము రాసిన చీటీ. ఆ బస్సు ఎప్పుడో ఆగిపోయింది, చీటీ మాత్రం మార్చలేదు. సందులో జీపు ఆగిందంటే చాలు, చేతిలో టంకం కడ్డీతో సహా లేచి వెనక వాకిలి దగ్గర నిలబడేవాడు. ఆ పెద్దాయనలు ఎప్పుడన్నా రిమోటు బాగుచేయించుకోవడానికి వస్తే ఒక్కొక్కరికి రెండేసి టీలు తెప్పించేవాడు. వాళ్ళు వెళ్ళాక అంగడి మూసి ఇంటికొచ్చి పడుకునేవాడు.

ఆ చానెల్ రాసిన సెట్లు మూడు ఆయన దగ్గర మిగిలాయి. రెండు, ఎన్నికలయ్యాక బాగుచేయమని వీధికొకటి చొప్పున ఇచ్చి మళ్ళీ అడగనివి. ఒకటి తనది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి మూడింటికీ ఛార్జింగ్ పెట్టేవాడు. ఎందుకు మామా అంటే, "హిస్సుమని వస్తాందంటే సెట్టు బతికుండాదని. ఎవురూ మాట్లాడకున్యా బతికుండల్ల గదా" అనేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే.

సమాధి చేసిన రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఉండలేనని అత్త అంటే, నేనూ ఆమే అంగడి తెరిచి కూర్చున్నాం. పొద్దున సమాధి దగ్గర కనపడిన రెండు కార్లు సందులో ఆగాయి. నేను మామ లాగే లేచి నిలబడ్డాను. తూర్పాయన కర్ర పట్టుకుని దిగాడు. పడమటాయన మనవరాలి చెయ్యి పట్టుకుని దిగాడు. ఇద్దరికీ ఎనభై దగ్గర. ఒకే వాకిలి నుంచి, ముందు వాకిలి నుంచి, ఇద్దరూ లోపలికి వచ్చారు. బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు.

తూర్పాయన దగ్గి, గొంతు సర్దుకున్నాడు. "ఈ దగ్గేనమ్మా చెప్పింది. ఆ పొద్దు పోలింగ్ మొదలైన అరగంటకు సెట్లో దగ్గితి. 'ముసిలోనికి దగ్గు తగ్గలేదే' అని వాడన్న మాట నా సెట్లో నాకే వినపడె. అప్పుడే తెలిసిపాయ, మీ మామ ఏం చేసినాడో."

"నాకు అంతకు ముందే తెల్సు" అన్నాడు పడమటాయన, గోడ వైపు చూస్తూ.

నేను ఇద్దరి వైపూ తిరిగాను. "మరి మీ మనుషులకు?"

"వాండ్లకు బుర్ర ఉంటే మా ఎంట యాల తిరుగుతారమ్మా?" అన్నాడు పడమటాయనే.

తర్వాత తూర్పాయన కర్ర మీద గడ్డం ఆనించి నెమ్మదిగా అన్నాడు. "అది టైరు గాదు. మా బాంబే. కంపల్లో దాచింటే ఎండకు పేలె. మీ మామ టైరన్యాడు. కాదంటే ఏమైతాదో నాకు తెల్సు. ముందు వరసలో నా పెద్ద కొడుకుండె. టైరే అంటి."

"నాకూ ఇద్దరు కొడుకులుండిరి" అన్నాడు పడమటాయన. "బాంబు చప్పుడుకూ టైరు చప్పుడుకూ తేడా తెలీనోణ్ణా నేను? టైరే అంటి."

నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. బల్ల కింద సంచి తీసి వాళ్ళ ముందు పడేశాను. తొక్కు సీసా దొర్లింది. "ఇరవై ఏండ్లు! ఇరవై ఏండ్లు మా మామ వాకిలి చూస్తా కూర్చున్యాడు. కారు ఆగితే కాఫీ దిగేది కాదు ఆయనకు. తెల్సునని ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?"

బళ్ళారి చీటీని పడమటాయన తీసుకుని చదివి, మడిచి, మళ్ళీ సంచిలో పెట్టాడు.

"చెప్పల్లని శానాసార్లు వస్తిమమ్మా" అన్నాడు. "రిమోటు బాగుండేది, నేనే సెల్లులు పీకి తెస్తాంటి. కానీ నేనొక్కణ్ణి తెల్సునంటే, ఇంగ వానికి తెల్సునేమో అని మీ మామకు బయముంటాది గదా. చెప్తే ఇద్దరమూ కల్సొచ్చి చెప్పల్ల."

"మరి రావచ్చు గదా?"

తూర్పాయన నా వైపు వింతగా చూశాడు. "ఎట్లొస్తామమ్మా? మేమిద్దరం మాట్లాడుకోం గదా."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత నిజంగానే ఏడ్చింది. ఆ తర్వాత లేచి ఇద్దరికీ రెండేసి టీలు తెప్పించింది.

వెళ్ళేటప్పుడు తూర్పాయన, "ఆ సెట్లు ఉండాయా?" అని అడిగాడు. ఉన్నాయి. పోయిన ఆదివారం ఛార్జింగ్ పెట్టి, తుడిచి పెట్టినవి. చెరొకటి ఇచ్చాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెరొక కారెక్కారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే దారి.

మామ సెట్టు నా దగ్గర ఉంది. ఆన్ చేసి బల్ల మీద పెట్టాను. కాసేపు హిస్సుమంది. తర్వాత, "రేయ్, నీ కారు పక్కకు తియ్యమను, దుమ్ము నా మీద పడతాంది. ఓవర్." "దుమ్మైతే అద్దం ఎక్కించుకో. ఆ దగ్గుకు మందు ఏమన్నా వాడతాండావా? ఓవర్." "వాడతాండాలే. మోకాళ్ళెట్లుండాయి నీకు?" అలా కుందూ ఏటి వంతెన దాకా తిట్టుకుంటూ, మందుల పేర్లు చెప్పుకుంటూ పోయారు. తర్వాత మాటలు తెగిపోతూ తెగిపోతూ, అందకుండా పోయాయి.

అత్త షట్టరు సగం దించింది. నేను సెట్టు చేతిలోకి తీసుకుని మీట నొక్కాను.

"మామా, ఇద్దరికీ తెల్సునంట. ఇంగ బళ్ళారి పోయే పన్లేదు. ఓవర్."

మీట మీద నుంచి వేలు తీశాను. సెట్టు హిస్సుమంటూ ఉంది.